రెండు కాళ్ల క్యారెట్లు

నలభై ఏళ్ల వృత్తిలో టైలరుగారు ఒక్క గుడ్డముక్క పారేసిన పాపాన పోలేదు. జేబుకు చాలనిది కాలరు లోపలికి, దానికీ చాలనిది గుండీ వెనక్కి. సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు మొరాయించాక కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. కప్పేస్తే మాత్రం చేతులు ఊరుకుంటాయా? వంటింటి వెనక మంచమంత జాగాలో క్యారెట్లు వేస్తానన్నారు.

ఆ జాగా మీద ఆయన భార్యకు ఎప్పటినుంచో కన్ను. సిమెంటు చేయించి బట్టలు ఆరేసుకోవాలని ఆవిడ ఆశ.

"ఒక్క పంట చూస్తాను. కుదరలేదో, మేస్త్రీని పిలుస్తాను. అప్పుడు నన్నేం అనకూడదు" అని ఆవిడ షరతు పెట్టింది.

ఇక ఆయన హడావుడి చూడాలి! ఎరువుల కొట్టు గుమ్మం తొక్కలేదు. కూరగాయల తొక్కలు, ఎండుటాకులు డ్రమ్ములో కుళ్లబెట్టారు. మందు కొట్టకుండా పురుగుల్ని వేళ్లతోనే ఏరారు. విత్తనాలు మరీ సన్నం కావడంతో చూపు ఆనక, గుప్పెళ్లతో గుమ్మరించారు. మొలకలు ఒత్తుగా వచ్చాయి.

సగం పీకి పారేయమని విత్తనాల కొట్టతను ముందే చెప్పాడు. పారేయడమా, టైలరుగారా! మొత్తం పీకి, టేపు పరిచి, నాలుగేసి వేళ్ల ఎడంతో ఒక్కటీ వృథా కాకుండా మళ్లీ నాటారు. వరసలు కుట్టు వేసినట్టు వచ్చాయని మురిసిపోయారు కూడా.

మూడు నెలలకు ఆకు ఏపుగా పెరిగింది. ఆవిడ ముందుజాగ్రత్తగా పిలిచిన మేస్త్రీ వస్తానన్న పొద్దున ఆయన మొదటి క్యారెట్ పీకారు. రెండు కాళ్లు. ఇంకోటి పీకారు. దానికీ రెండే. మూడోదానికైతే మూడు! ఆయన ముఖం చిన్నబోయింది. కళ్లు ఎలాగూ పోయాయి, ఇక చేతులూ కొరగాకుండా పోయాయా అని దిగులు ముంచుకొచ్చింది. గబగబా తువ్వాలు కప్పబోయారు.

"ఏం దాస్తున్నారు? ఇటివ్వండి."

ఆవిడ చూసింది. మెట్టు మీద కూలబడి కడుపుబ్బా నవ్వింది.

"క్యారెట్లు పండించమంటే ప్యాంట్లు కుట్టారేంటండీ!"

"తీసి నాటినప్పుడు వేరు కొస తెగి ఇలా చీలినట్టుందే" అని గొణిగారాయన.

ఆవిడ ఒకటి కడిగి ఒక కాలు కొరికింది. తీపి తగిలింది. రెండో కాలూ కొరికింది. ఈలోగా మేస్త్రీ రానే వచ్చాడు.

"ఎంతమేర వెయ్యాలమ్మా సిమెంటు?"

"సిమెంటు వద్దులే మేస్త్రీ. ఒక బస్తా ఇసుక తెచ్చిపెట్టు. మా ఆయన క్యారెట్లకి మట్టి ఇంకా గుల్లగా ఉండాలి."

మేస్త్రీ వెళ్లాక ఆవిడ భర్త వైపు తిరిగింది.

"ఈసారి విత్తనాలు నేను వేస్తాను. నా కళ్లు బాగానే ఉన్నాయిగా. కొలతలు మీరు చూసుకోండి."

టైలరుగారు కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెచ్చి, ఒక కొస ఆవిడ చేతికిచ్చారు.