బోర్డు మీద లేని లైను

దెయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. కోరుట్లలో మేం అద్దెకు దిగిన ఇంటి గురించి ఇరుగుపొరుగు ఏదేదో చెప్పారు. అద్దె తక్కువని సంతోషంగా చేరి హాయిగా నిద్రపోయాను. పైగా సోషల్ సార్ని. ఆధారం లేనిదే ఏదీ ఒప్పుకోవద్దని పిల్లలకు చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ని.

అప్పట్లో రుద్రంగి దగ్గర ఒక బడిలో పనిచేసేవాణ్ని. పొద్దున ప్రార్థనకు ముందు జెండా గద్దె పక్కనున్న నల్లబోర్డు మీద 'చరిత్రలో ఈ రోజు' రాయడం నా పని. ఏం జరిగింది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు. దాన్ని ఒక పిల్ల మైకులో చదివేది. ఆ తర్వాత, ఆ రోజు పుట్టినరోజున్న పిల్లలు చాక్లెట్లు పంచేవాళ్లు. అందరూ ఓపికగా నిలబడేది వాటికోసమే, నా చరిత్ర కోసం కాదు.

ఏడో తరగతి అఖిల గొంతు బాగుంటుందని ఎక్కువగా తననే చదవమనేవాణ్ని. వాళ్ల నాన్న దుబాయి పోయాడు. నెలల తరబడి ఫోన్ లేదు. మనిషి ఉన్నాడో లేడో తెలియదు. వాళ్లమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపేది.

ఒక రోజు అఖిల నేను రాసినవన్నీ చదివి, చివర్లో అదే గొంతుతో, "ఈ రోజే మా బాపు ఇంటికచ్చిండు" అంది. పిల్లలు నవ్వారు. ఎందుకలా చదివావని అడిగితే, "ఉంది గద సార్" అని బోర్డు అడుగున ఖాళీ జాగా చూపించింది. పాపం, నాన్న మీద బెంగతో అందనుకున్నాను.

మాట ఇంటికి చేరింది. వాళ్లమ్మ బీడీల చాట పక్కన పడేసి, బస్సులాగే చోటికి పోయి చీకటి పడేదాకా నిలబడిందట. ఎవరూ రాలేదు. మర్నాడు బడికి వచ్చింది.

"పిల్లతోని గసొంటియి చదివిస్తరా సార్? సచ్చిండని ఎవలన్న చెప్పినా ఏడ్చి ఊకుందు. గిట్ల ఆశ పెట్టుడేంది?"



ఏడాది తిరిగింది. మళ్లీ అదే తేదీ. చరిత్ర మారదు కదా, నిరుడు రాసినవే రాశాను. అఖిల అన్నీ చదివి, ఆగకుండా, "ఈ రోజే మా బాపు ఇంటికచ్చిండు" అంది. ఈసారి కోప్పడదామని ముందుకు కదిలాను. అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. గడ్డం పెరిగిన మనిషి ఒకడు సంచితో దిగాడు. వాళ్ల నాన్నే. సరైన కాగితాలు లేక అక్కడ జైల్లో ఉన్నాడని, వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదని, ఇంటికి తాళం ఉంటే నేరుగా బడికి వచ్చాడని తర్వాత తెలిసింది.

అఖిల మాత్రం అటు పరుగెత్తలేదు. బోర్డునే చూస్తూ, మైకు పక్కన పెట్టి మెల్లగా అడిగింది.

"సార్, కింద ఇంకోటుంది. మీ పేరుంది. సదవాల్నా?"

నేను డస్టర్ తీసుకుని ఆ ఖాళీ జాగానంతా తుడిచాను. అఖిల మళ్లీ చూసింది.

"పోతలేదు సార్" అంది. తర్వాత వాళ్ల నాన్న దగ్గరికి పరుగెత్తింది.

మొన్న జగిత్యాల పోయే బస్సులో కనిపించింది. ఇప్పుడు అక్కడే కాలేజీలో చదువుతోంది. నమస్తే పెట్టి, లేచి నాకు సీటిచ్చింది. ఆ లైనులో ఏముందో అడగాలని దారి పొడుగునా అనుకున్నాను. భయమేసి అడగలేదు. ఆ పిల్లకు ఏం కనబడిందో, ఎలా కనబడిందో నాకిప్పటికీ అంతుపట్టదు.

వచ్చే నెలలో ఆ తేదీ ఉంది. ఎప్పటిలాగే లీవు పెట్టాను.