అందుకోని మలీద

సద్దుల బతుకమ్మ నాడు జగిత్యాలలో మా ఇంట్లో మలీద కలుపుతున్నారు. వేడి రొట్టెను బెల్లంతో నలిపేటప్పుడు లేచే ఆ వాసనకు నోరూరాల్సింది పోయి, నాకు తల వంగిపోతుంది.

కోరుట్లలో మా చిన్ననాటి వాడకట్టంతా బీడీలు చుట్టేది. ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని, గోడ నీడ జరిగినకొద్దీ తామూ జరుగుతూ, తునికాకులో తంబాకు నింపి దారం చుడుతూ, పుట్టింటి ముచ్చట్లూ అత్తింటి దెప్పుళ్లూ కలిపి చెప్పుకునేవారు. వానలు వెనకబట్టగానే పిల్లలం బీళ్లన్నీ తిరిగి తంగేడు, గునుగు కోసుకొచ్చి, గునుగుకు రంగులద్ది, పండుగ దాకా ఆకుపచ్చ అరచేతులతో తిరిగేవాళ్లం.

ఆ చాటల మధ్యే మా చిన్నమ్మ, అమ్మకు చెల్లెలు, కూర్చునేది. బక్కపలచని మనిషి. ఆమె చేతి మలీద అంటే నాకు ప్రాణం. ఒక ఏడు ఆమె పొట్టమీద సూది వేసుకుంటుంటే చూశాను. మా వాడలో రోజూ సూది అంటే ఒకటే, క్షయ. తంబాకు దుమ్ముకు దగ్గి దగ్గి సూదులదాకా వచ్చినవాళ్లకు గ్లాసు వేరు, పళ్లెం వేరు.

“షుగరచ్చింది కొడుకా. ఎవ్వలతోని చెప్పకు” అంది చిన్నమ్మ.

నేను నమ్మలేదు. షుగర్ అంటే మిఠాయిలు తిని లావెక్కిన షావుకార్లకు వచ్చేదని మా లెక్క. సద్దుల నాటి పొద్దున చాటల దగ్గర నోరు జారాను: “చిన్నమ్మ రోజు సూదేసుకుంటది. షుగరని అబద్ధం చెప్తది.”

“షుగరైతే గంత బక్కగుంటరా?” అంది పక్కింటి పెద్దమ్మ, చెయ్యి ఆపి.

ఆ సాయంత్రం చెరువులో బతుకమ్మలను వదిలాక మలీదలు చేతులు మారాయి. “ఇస్తినమ్మ వాయినం” అని ఒకరంటే, “అందుకుంటినమ్మ వాయినం” అని ఇంకొకరు కొంగు పట్టేవారు. చిన్నమ్మ కూడా ఆ మాట అన్నది. పెద్దమ్మ కొంగు సర్దుకుని నీళ్లవైపు చూసింది. మరొకామె పిల్లవాణ్ణి ఎత్తుకుంది. చివరికి చిన్నమ్మ నావైపు తిరిగి ఒక ముద్ద చాచింది.

“నువ్వన్న తిను కొడుకా.”

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఎవరు చెప్పారో ఆమెకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఆమె నలుగురి నోళ్లకు జడిసి సూది మానేసింది. చేదు తీపిని విరిచేస్తుందని ఎవరో అంటే వేపాకు రసం తాగింది. మరుసటేటి గునుగుపూలను ఆమె చూడలేదు.

ఇప్పుడు నాకూ షుగర్. నేనూ బక్కవాణ్ణే. అది అంటుకునేది కాదనీ, బక్కవాళ్లకూ వస్తుందనీ, చిన్నమ్మలాంటి వాళ్లకు సూదే ప్రాణమనీ డాక్టరు చెబుతుంటే నేల చూస్తూ విన్నాను. ఆ వాడకట్టులో ఇప్పుడు చాటలు లేవు, నీడతోపాటు జరిగే మనుషులూ లేరు.

మా ఆవిడ గిన్నె అంచున మిగిలింది ముద్ద చేసి తెచ్చింది. “గింతంత తినుండ్రి, ఏం గాదు.”

నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

“షుగరని భయమా?” అంది.

అవునన్నాను.