సిరాబుడ్డి బడిలోనే

మా వెర్మాంట్ కొండల్లో పంతులమ్మకు జీతం తక్కువ, తిండి వంతులవారీగా. పిల్లల్ని బడికి పంపే ఒక్కో ఇంట్లో ఒక్కో వారం ఉండాలి. తీర్జా పెల్హమ్ అలాగే బతికింది. పగలు లెక్కలు చెప్పేది. ఎవరింట్లోనైనా చావు జరిగితే ఓదార్పు పద్యాలు రాసి వారపత్రికకు పంపేది. వాటిని కత్తిరించి బైబిల్లో దాచుకోని ఇల్లు లేదు. రాసిన మనిషిని మాత్రం అందరూ ఓరకంటనే చూశారు. మా ఊరు దేవుణ్ణయినా జామీను లేకుండా నమ్మదు.

ఆ జనవరిలో వంతు చర్చి పెద్ద ఈలై స్టాడర్డ్ ఇంటికి వచ్చింది. అతని తల్లి మెహిటబెల్ దగ్గుతో మంచం పట్టి ఉంది. ఓ సాయంత్రం ఆ గది తలుపు దగ్గర కోడలి చెవిన పంతులమ్మ గొంతు పడింది. బతికున్న అత్తగారి మీద చావుపద్యం చదువుతోంది!

మర్నాటికి ఊరంతా పాకింది. నిరుడు పోయిన పసివాళ్ల పద్యాలూ ముందే రాసి పెట్టుకుందన్నారు. రాశాకే వాళ్లు పోయారన్నారు. నేను బూట్లు కుట్టే కొట్లోనూ అదే మాట. బడి సంఘం ఈలై ఇంట్లోనే కూర్చుని ఆమెను పిలిపించింది. బడి పోతే ఆమెకు తలదాచుకునే చోటు లేదు.

"ఎందుకు రాశావమ్మా?" అన్నాడు ఈలై.

"అడిగితే రాశానండీ. ఎవరడిగారో చెప్పనని మాటిచ్చాను."

"దయ్యం అడిగిందేమో!" అన్నారెవరో.

లోపలి గది తలుపు తెరుచుకుంది. దుప్పటి కప్పుకుని మెహిటబెల్ నిలబడి ఉంది.

"ఆ దయ్యాన్ని నేనేరా! చచ్చాక మీరు పొగిడితే నాకేం వినబడుద్ది? అందుకే ఇప్పుడే రాసి వినిపించమన్నా. శాంతమూర్తినని రాసింది. అబద్ధం, కొట్టెయ్యమన్నా."

"అమ్మా, చలిలో లేచొచ్చావేంటి?"

"నువ్వు నోర్ముయ్. ఆ పిల్ల బడి జోలికెళ్లావో, నీ మీద నేనే రాస్తా!"

బడి నిలబడింది, ఒక షరతు మీద: పంతులమ్మ సిరాబుడ్డి బడిలోనే ఉండాలి, ఏ ఇంటి గడపా దాటకూడదు. మెహిటబెల్ వసంతానికి కోలుకుంది. పద్యం బయటపడబట్టే బతికిందన్నారు.

మరుసటి చలికాలం వంతు మా ఇంటికి వచ్చింది. భోజనాల దగ్గర తీర్జా పెదవులు కదిలాయి. మా నాన్న చెంచా ఆపాడు.

"ఎవరి మీదమ్మా?"

"ఎవరి మీదా కాదండీ. రేపటి లెక్క చూసుకుంటున్నా."

మా అమ్మ దగ్గుతున్న మా చెల్లెల్ని పంతులమ్మ పక్కనుంచి లేపి, తన దగ్గరకు లాక్కుంది.