వెరోనికా నిటారు చేసిన స్తంభం

వెరోనికా తండ్రి శ్రీకాకుళం నుంచి ఉక్కు కర్మాగారం పనికి భిలాయ్ వచ్చాడు. ఆమె అక్కడి పవర్ హౌస్ అనే పేటలో ఫొటో స్టూడియో నడిపేది. 2010లో ఉతై ఊరి దగ్గర ఒక ప్రైవేటు గోదాము కూలీలను గోడ ముందు నిలబెట్టి గ్రూపు ఫొటో తీసింది. ఆమె వాడే వెడల్పు లెన్సు అంచుల్లోని గీతలను ఎప్పుడూ విల్లులా వంచేది. అందుకని కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ తెరిచి, లెన్సు వంకర దానంతటదే పోయే మీట నొక్కింది. గోడకు ఎడమ చివరున్న స్తంభం నిటారుగా మారింది. కుడి చివరి స్తంభం మాత్రం వంగే ఉంది. సాఫ్ట్‌వేర్‌కు చేతకాలేదనుకుని, దాన్ని తనే లాగి సరిచేసి ప్రింట్లు ఇచ్చింది.

తొమ్మిదో రోజున ఆ గోడ కూలి ఎబెన్ అనే కూలీ చనిపోయాడు. విచారణకు వచ్చిన అధికారికి గోదాము యజమాని ఆ ఫొటోనే చూపించాడు.

"దేఖియే సాబ్, గోడ ఎంత తిన్నగా ఉందో!"

ఆ సంగతి విని వెరోనికా నిద్ర పోలేకపోయింది. తను చెయ్యి పెట్టకముందు ఉన్న ఫొటోను ప్రింటు తీసి అధికారి దగ్గరికి తీసుకెళ్లింది.

"లెన్సు వంకర పోయాక కూడా ఈ స్తంభం వంపు మిగిలింది సార్, ఇది గోడదే. నేనే చెరిపేశాను."

అధికారి తప్పు యజమానిదేనని రాశాడు. బయట, ఆ మాటలు విన్న ఎబెన్ భార్య ఏంజెలా ఎదురైంది.

"ఏటక్కా, నీకు ముందే కనబడిందా?"

"కనబడిందమ్మా. ఫొటోలో లోపమనుకున్నాను."

"ఒక్క మాట చెప్తే ఆయన్ని పనికి ఎల్లనిచ్చేదాన్నా?"

ఆ తర్వాత చర్చిలో ఎన్నిసార్లు ఎదురుపడినా ఏంజెలా వెరోనికాను పలకరించలేదు.