ఊరందరికీ నరేందర్ మెయిలే

అమరచింతలో నరేందర్ నెట్ సెంటర్ పెట్టి పదిహేనేండ్లు దాటింది. అప్పట్లో అప్లికేషన్‌లో మెయిల్ అడ్రస్ అడిగితే జనం ఆయన మొహం చూసేవాళ్లు. నాది రాస్తలే అనేవాడు. అట్లా హాల్‌టికెట్లు, ఇంటర్వ్యూ పిలుపులు, ఊరి మంచీ చెడూ అన్నీ ఆయన ఒక్కడి మెయిల్‌కే వచ్చి పడేవి. ఉపకారమే, కాదనలేం. కాకపోతే మనిషికి ఇంకో గుణముంది. ఎవరి ఉత్తరాలు వాళ్ల ఫోల్డర్‌లో వేసి, దానికి పేరు మాత్రం తన నోటికొచ్చింది పెట్టేవాడు. చూసేదెవరని ధీమా.

మొన్న పాత కంప్యూటర్ మూలుగుతుంటే కొత్తది కొన్నాడు. మెయిల్‌లో జాగా నిండి ఎప్పుడో తీసేసిన పాత మెయిళ్లన్నీ ఒకే ఫైలుగా మూటగట్టి అందులోకి తెచ్చిపెట్టాడు గానీ, విప్పి చూసిన పాపాన పోలేదు. మంగళవారం మధ్యాహ్నం రాములమ్మ వచ్చేదాకా ఆ అవసరమూ పడలేదు.

రాములమ్మ కూలికి పోయి బిడ్డ హెప్సిబాను నర్సు చదివించిన మనిషి. హెప్సిబాకు ఇప్పుడు సర్కారు దవాఖానలో నౌకరీ వచ్చింది. ఆ రోజే నాగర్‌కర్నూల్‌లో కాగితాలు చూస్తున్నారు. ఇదివరకు పనిచేసిన ప్రైవేటు దవాఖాన ఇచ్చిన అనుభవ పత్రం తెమ్మన్నారు. ఇంట్లో ఉన్న ప్రింటు వానకు తడిసి ముద్దయింది. ఆ దవాఖాన మూతపడి ఆరేండ్లు. ఐదు గంటల్లోపు చూపకపోతే నౌకరీ లిస్టులో వెనకున్నామెకు పోతుంది. ఆ కాగితం నరేందర్ మూటలో తప్ప ఇంకెక్కడా లేదు.

రాములమ్మ కుర్చీ లాక్కుని తెర ముందే కూర్చుంది. నరేందర్ ఫైలు నొక్కితే, ఇది నాకు తెల్వదన్నట్టు కొత్త సిస్టమ్ మొరాయించింది. రెండోసారీ అంతే. వనపర్తిలో కంప్యూటర్లు బాగుచేసే గణేష్‌కు ఫోన్ చేసి, ఆయన చెప్పిన ప్రోగ్రామ్ దించుకుని మళ్లీ పెట్టాడు. పచ్చగీత చీమలా పాకింది. మూడున్నరైంది. హెప్సిబా రెండుసార్లు ఫోన్ చేసింది. తెరుస్తుండు అని రెండుసార్లూ పెట్టేసింది తల్లి.

నాలుగుంబావుకు తెరుచుకుంది. హెప్సిబా పేరుతో వెతికితే ఏమీ రాలేదు. ఎట్లా వస్తుంది? దవాఖానోళ్లు కాగితాన్ని ఫోటో తీసి, ఒక్క ముక్క రాయకుండా పంపారు. అది ఏ ఫోల్డర్‌లో వేశాడో నరేందర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

పక్కనున్న రాములమ్మ బైబిలు కోసం నలభై ఏండ్ల వయసులో అక్షరాలు నేర్చుకున్న మనిషి. మెల్లగానైనా చదువుతుంది. చాయ్ తాగి రమ్మన్నాడు. వద్దంది. ఎండ పడుతోందని తెర అటు తిప్పబోయాడు. ఆమె చేత్తో పట్టి ఆపింది. పాతవి కొన్ని ఎగిరిపోయినయి అంటే చాలు, పరువు దక్కుతుంది. అది అబద్ధమని ఎవరికి తెలుస్తుంది? మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి రాములమ్మ ఎత్తలేదు. ఆయన మొహమే చూస్తోంది.

"ఉన్నదా, లేదా?"

"ఉంది పెద్దమ్మా" అని నరేందర్ కిందికి జరిపి నొక్కాడు.

రాములమ్మ ఫోల్డర్ పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. నోరున్న ముసల్ది.

నరేందర్ తల వంచుకున్నాడు. ఎప్పుడు రాసినవని ఆమె అడిగింది. పదకొండేండ్లయిందని గొణిగాడు.

"నోరున్నదంటివి, సరే. గాని అప్పటికి నాకు యాభై నిండలే. ముసల్ది ఎట్లయిత? ముందుగాల కాయితం పంపు."

పంపాడు. ఐదుకు పది నిమిషాలుండగా హెప్సిబా ఫోన్ చేసింది. ప్రింటు తీసి ఇస్తే తీసుకున్నారట, సంతకం కూడా పెట్టించుకున్నారట.

రాములమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది గానీ కుర్చీలోంచి లేవలేదు. ఆ పేరు చెరిపించి, రాములమ్మ అని తన కండ్లముందే కొట్టించింది. ఇక మిగతా పేర్లు కూడా చదవమంది. నరేందర్ దండం పెట్టినా వినలేదు. మూడోది ఆమె ఆడబిడ్డ బుజ్జమ్మది. ఊరిమీద పడి తిరిగేది అని ఉంది.

నరేందర్ చెరపబోతే రాములమ్మ చెయ్యి పట్టుకుంది.

"దాన్ని మార్చకు. సక్కగనే రాసినవ్."