రెండు రాళ్ల మీది రాతిపువ్వు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మసాలా డబ్బా మూత తీసే హక్కు ఒక్క అవ్వకే ఉండేది. చక్కెర జబ్బుతో చూపు పోయాక కూడా ఆమె ఆ హక్కును ఎవరికీ వదల్లేదు. చెక్క, లవంగం, మరాఠీ మొగ్గ, ఏదైనా వేళ్లతో తడిమి, వాసన చూసి చెప్పేది. ఆ డబ్బాలో నాకు బొత్తిగా గిట్టనిది రాతిపువ్వు. బెంగళూరు అంగళ్లలో దాన్ని కల్లుహూవు అంటారు. చీపురు కింద చేరిన చెత్తలా ఉండే దాన్ని కూరలో ఎందుకు వేస్తారో నాకు అర్థమయ్యేది కాదు.

మేముండేది చిక్కపేట దగ్గర ఒక ఇరుకు సందులో. తొంభైలలో ఒక వానాకాలం, బెంగళూరు బయట హెబ్బగోడి అవతల పల్లెలో ఉండే అవ్వ తమ్ముడు, అంటే మా చిన్నతాత, కబురు పంపాడు. ఫ్యాక్టరీలు వస్తున్నాయని రోడ్డు వెడల్పు చేస్తున్నారట. పసిబిడ్డలను పూడ్చిన దిబ్బ అందులో పోతుందట. రాళ్లు కావలసినవాళ్లు వచ్చి తీసుకుపోవచ్చునట.

అవ్వ తొలికాన్పు ఆ ఊళ్లోనే, ఆమె పుట్టింట్లో జరిగింది. పుట్టిన మగబిడ్డ నెల తిరగకుండానే పోయాడు. పెద్దవాళ్లను దహనం చేసినా పసివాళ్లను పూడ్చడమే మా ఆచారం. వాళ్లకు సమాధి కట్టరు, పేరు రాయరు. నక్కలు తవ్వకుండా పైన ఒక రాయి పెడతారు. మా నాన్నకు ముందు ఒక అన్న ఉండేవాడని నాకు తెలిసింది ఆ కబురు వచ్చిన రోజే.

నాన్న పనికి వెళ్లాక అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అరచేతిలో చిటికెడు రాతిపువ్వు పోసింది. బిడ్డను పూడ్చిన రోజు అవ్వ వాళ్ల నాన్న గుట్ట మీది నుంచి మోసుకొచ్చిన రాయికి రాతిపువ్వు పట్టి ఉండేదట. పుట్టింటికి పోయినప్పుడల్లా దాన్ని చూసుకుని వచ్చేదట. చిన్నతాత అప్పటికి పాలు తాగే పిల్లవాడు, అతనికి ఆ రాయి తెలియదు. ఇక చూడవలసింది నేనే.

“చూడు పాపా, పైన బూడిద రంగు ఉండాది, కింద నలుపు. అంచులు అప్పడం మాదిరి లేస్తాయి. నీళ్లు చల్లితే మెత్తబడి పచ్చగా తిరుగుతాది. సున్నం చిందినట్టు బండకు అతుక్కొని, గోరు పెట్టినా రానిది అది కాదు,” అని మళ్లీ మళ్లీ చెప్పింది. నేను చెంబులో నీళ్లు తెచ్చి చూసుకున్నాను. చెత్త అనుకున్నది నా కళ్లముందే ఆకులా మెత్తబడింది.

మరునాడు బస్సులో వెళ్లాం. మేం చేరేసరికి మట్టి తవ్వే యంత్రం దిబ్బ అంచుకు వచ్చి ఆగి ఉంది. తంగేడు పొదల మధ్య చిన్న చిన్న రాళ్లు, వాటి పక్కన వానకు లేచిన తెల్లటి పుట్టగొడుగులు. ప్రతి రాయికీ ఏదో ఒకటి పట్టి ఉంది. ఒకదానికి పసుపు, ఒకదానికి తెలుపు, ఒకదానికి మసిలాంటి నలుపు. రాయికి ఇన్ని రంగులుంటాయని నాకు అంతవరకూ తెలియదు. ఒక్కొక్క దాని ముందు కూర్చుని, చెంబులో నీళ్లు చల్లి, గోటితో అంచు లేపి చూశాను. రంగు పూసినట్టు అతుక్కున్నవన్నీ కాదని వదిలేశాను.

చివరికి రెండు మిగిలాయి. రెండింటి మీదా అంచులు లేచాయి, రెండూ కింద నల్లగా ఉన్నాయి, రెండూ నీటికి పచ్చగా తిరిగాయి. అవ్వ చెయ్యి పట్టుకుని ముందు ఒకదాని మీద, తర్వాత రెండోదాని మీద పెట్టాను. ఆమె వేళ్లు రెండింటి మీదా చాలాసేపు ఉండిపోయాయి.

యంత్రం నడిపే మనిషి హారన్ కొట్టాడు. చిన్నతాత నా చెవి దగ్గరికి వంగి, “ఏదో ఒకటి చూపించు పాపా. అక్కకు ఏం తెలుస్తాది? ఆమె మనసు నిమ్మళమైతే చాలు,” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, జాలితోనే అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. దగ్గరగా ఉన్న రాయే మనదని చెప్పబోయాను. అంతలో అవ్వ చూపులేని కళ్లు నా వైపు తిప్పి, “మనది ఏదో తెలిసిందా, పాపా?” అంది. ఆ ముఖం చూస్తూ నేను అబద్ధం చెప్పలేకపోయాను.

“రెండు ఉండాయి అవ్వా. రెండూ ఒకే మాదిరి ఉండాయి. మనది ఏదో నాకు తెలీలేదు,” అని ఏడ్చేశాను.

అవ్వ కొంగుతో నా ముఖం తుడిచింది. తర్వాత తమ్ముడితో, “రెండూ ఎత్తప్పా,” అంది.

“ఒకటి ఎవరి బిడ్డదో కదక్కా?”

“ఆ తల్లి రాలేదు కదప్పా. మనం వచ్చినాం.”

చిన్నతాత రాళ్లు రెండూ ఎత్తి తన ఎద్దులబండిలో పెట్టాడు. అవ్వ రెండు చోట్ల నుంచీ పిడికెడు మట్టి తీసి చీర కొంగులో విడివిడిగా ముడి వేసుకుంది. చిన్నతాత మామిడితోటలో ఏ రాయి మట్టిని ఆ రాయి కింద పోసి, రాళ్లను పక్కపక్కనే నాటించి, రెండింటి మీదా పాలు పోసింది. రాతిపువ్వు ఎక్కడా రాలిపోలేదు కదా అని నన్ను అడిగి మరీ లేచింది.

తిరుగు బస్సులో నా తల నిమురుతూ, “నువ్వు ఒకటి చూపించుంటే నమ్మేసుందును. నా బిడ్డ ఆ మట్టిలోనే పోయుండునో ఏమో. తెలీదని చెప్పినావు, అదే నా బిడ్డను తెచ్చింది,” అంది. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషి, అప్పుడు ఏడ్చింది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. తెలియనిదాన్ని తెలియదని చెప్పవలసి వచ్చినప్పుడల్లా నా చేతికి ఆ చెంబు బరువు తెలుస్తుంది. ఏటా మహాలయ అమావాస్యకు ఆ తోటకు వెళ్లి రెండు రాళ్లకూ పాలు పోస్తాను. మా పెద్దనాన్న ఏ రాయి కింద ఉన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకని ఒక ఏడాది ఈ రాయితో మొదలుపెడితే, మరుసటి ఏడాది ఆ రాయితో మొదలుపెడతాను.