మునిగిన కారు

మా వారు ఏలూరులో ఒక మిల్లు యజమాని కారు నడిపేవారు. సొంతంగా ఒక కారు కొని టాక్సీ తిప్పాలని ఆయన కోరిక. పెళ్లయిన కొత్తలోనే నాకు చెప్పారు. చివరికి నా గొలుసూ, ఆయన వాటాకొచ్చిన పొలం చెక్కా అమ్మేసి, ఒక వేసవిలో తాడేపల్లిగూడెంలో పాత కార్లు అమ్మే షాపుకి వెళ్లాం.

షాపాయన మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించాడు. కొత్తగా నల్లరంగు వేసిన కారు చూపించి, అది ఒక డాక్టరుగారిదనీ, ఆయన దాన్ని షెడ్డులోంచి తీసిందే తక్కువనీ చెప్పాడు. మా వారు బానెట్ ఎత్తి చూశారు, ఊరి చివరిదాకా నడిపి చూశారు. ఏ లోపమూ కనపడలేదు. ఆ కారులోనే ఇంటికొస్తుంటే ఆయన నా వంక చూడకుండా తనలో తాను నవ్వుకోవడం నాకు ఇప్పటికీ గుర్తు.

వానలు పట్టేదాకా బాగానే తిరిగింది. ఒకరోజు పొద్దున్న నన్ను కైకలూరులో పుట్టింట దింపడానికి వచ్చారు. ఇంకా గుమ్మంలో ఉండగానే, కొల్లేటి లంక నుంచి ఒకాయన పురిటినొప్పులు పడుతున్న భార్యను పడవలో తెచ్చాడని, బిడ్డ అడ్డం తిరిగిందని, ఏలూరు ఆసుపత్రికి చేర్చాలని కబురొచ్చింది. నేనూ కారెక్కి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను.

సగం దారిలో, చుట్టూ నీళ్లు తప్ప మరేమీ లేనిచోట, కారు ఆగిపోయింది. మా వారూ, ఆమె భర్తా వానలో నెట్టారు. కదిలింది గాని ఇంజను పలకలేదు. వైర్లు చూద్దామని మా వారు ముందు సీటు ఎత్తారు. తీగలు చిలుముపట్టి చేతిలోనే తునిగిపోయాయి. మూలల్లో గట్టిపడిన ఒండ్రుమట్టి, దానిలో ఎండిన నాచు.

"ఇది వరదలో మునిగిన బండే" అన్నారాయన. ఆ మాట నాతో అన్నట్టు లేదు.

గడ్డి తీసుకెళ్తున్న ఎడ్లబండి ఒకటి దొరికింది. దానిమీద ఏలూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడుగునా ఆమె నా మణికట్టు వదల్లేదు. తల్లి బతికింది. బిడ్డ ఊపిరి లేకుండానే పుట్టింది. ఆమె భర్త బయటికొచ్చి, "బండి ఆగిపోతే మీరేం చేస్తారండీ" అన్నాడు. తిట్టినా బాగుండేది. మా వారు తలెత్తలేకపోయారు.

మళ్లీ తాడేపల్లిగూడెం వెళ్లాం. షాపాయన మునుపటిలాగే కుర్చీ వేయించాడు. అన్నీ విన్నాడు.

"మీరు నడిపి చూసుకునే తీసుకున్నారు కదండీ. పాత బండికి మేం హామీ ఇవ్వం."

"డాక్టరుగారి బండని చెప్పారు కదండీ" అన్నారు మా వారు.

"అన్నానేమోనండి" అన్నాడతను, నెమ్మదిగా.

ఏలూరులో ఒక ప్లీడరుగారిని కలిశాం. చట్టమనేది ఉందన్నారు. కాని బండి మునిగిందని అమ్మినవాడికి ముందే తెలుసునని మేమే రుజువు చేయాలట, నోటిమాటకు సాక్ష్యం తేవాలట, ఏళ్లు పడుతుందట. ఇప్పుడు వినియోగదారుల కోర్టులున్నాయని అంటారు. ఆ రోజుల్లో మాలాంటివాళ్లు ఎక్కడికి వెళ్లి చెప్పుకోవాలో ప్లీడరుగారికే తెలియలేదు.

వైర్లు మార్పించి కారు అమ్మేద్దామంటే జంగారెడ్డిగూడెం నుంచి ఒకాయన వచ్చాడు. బాగుందని మెచ్చుకున్నాడు కూడా. మా వారు సీటు ఎత్తి లోపల చూపించారు. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు.

చివరికి ఆ షాపాయనే, వచ్చినకాడికి ఇస్తే తానే తీసుకుంటానని కబురు పెట్టాడు. అతనికి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేని బండి అది. అప్పగించి బస్సులో వస్తుంటే నేనుండబట్టలేక అడిగాను.

"ఏవండీ, మళ్లీ రంగేసి అమ్ముతాడు కదండీ. కొనేవాళ్లకి ఎవరు చెప్తారు?"

"కొనేవాళ్లు ఎవరో మనకేం తెలుసు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మిల్లు యజమాని ఇంటికి వెళ్లి, పాత పని మళ్లీ ఇప్పించమని అడిగారు.